అవ్వకు చేరిన ముప్పై ఎనిమిది సెకన్లు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు నర్సింగ్ వచ్చి సెక్యూరిటీ ఆఫీసు తలుపు తోసేసరికి, లోపల చిన్నప్పను కుర్చీకి కట్టేసి కొడుతున్నారు.

కొట్టడమంటే అలా ఇలా కాదు. చీపురుకర్ర అప్పటికే రెండు ముక్కలైంది, ఆ రెండో ముక్కను నాలుగు చేసే పనిలో ఉన్నాడు చిరంజీవి. ఈయన కంపెనీ సెక్యూరిటీ మేనేజరు. తెనాలి మనిషి. ఊళ్ళో హోంగార్డు, ఇక్కడికొచ్చాక మాజీ ఎస్సై. ఇస్త్రీ చేసిన ఆయన చొక్కా మడతతో టమాటాలు కోయొచ్చు. ఇవాళ ఆ మడత మీద చిన్నప్ప రక్తం చుక్కలు చుక్కలుగా పడింది.

"యమ్మా... సచ్చిపోతినే యమ్మా!" చిన్నప్ప కుర్చీతో సహా ఎగిరిపడ్డాడు. కదిరి దగ్గరి పల్లెవాడు, క్యాంపుకు నీళ్ళు తెచ్చే ట్యాంకర్ డ్రైవరు. పై పెదవి చీలి రెండుగా వేలాడుతోంది.

వెనకనుంచి అతని భుజాలు నొక్కిపట్టినవాడు మారుతి. అరగంట క్రితం శవమై దొరికిన రాజన్నకు రూమ్‌మేటు. ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే పిడికిలితో చిన్నప్ప చెవి మీద గుద్దుతున్నాడు.

"నా అన్నను సంపినవ్ గదరా! అన్నం పెట్టినోన్ని సంపినవ్ గదరా!"

"సంపిండో లేదో తెల్వకముందే ఇంకొకన్ని సంపుతున్నరు. ఒక్క పూటల రెండా?" అన్నాడు నర్సింగ్, లోపలికొచ్చి.

నర్సింగ్ ఖతర్‌లోని ఈ బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపుకు ఇన్‌ఛార్జి. రూములు, నీళ్ళు, మెస్సు చూడటం ఉద్యోగం. దొంగల్ని పట్టడం సరదా. ఓసారి మెస్సులో మాయమైన కోడిని ఈకల జాడతో కాదు, వంటవాడి తేనుపు వాసనతో పట్టుకున్నాడు. అప్పటినుంచి పన్నెండువందల మందీ ఆయన్ని డిటెక్టివ్ అనే పిలుస్తారు. ఆ పిలుపు వింటే చాలు, చిరంజీవికి కడుపులో ఎండుమిరపకాయలు వేగుతాయి.

"ఏవయ్యా డిటెక్టివూ, కోడి పోలేదిక్కడ, మనిషి పోయాడు. కేసు అయిపోయింది, నువ్వెళ్ళి నీ పప్పు సంగతి చూసుకో."

"ఎట్లయిపోయింది సార్?"

చిరంజీవి వేళ్ళు మడిచాడు. "రాజన్నకూ వీడికీ నిన్న కుళాయి దగ్గర తన్నులాట, ముప్పై మంది చూశారు. పన్నెండూ పదికి రాజన్న పనిముట్ల కంటైనర్ వైపు వెళ్ళడం గేటు కెమెరాలో ఉంది, కంటైనర్ తలుపూ వెనక దారీ దానికందవు. పన్నెండూ నలభైకి శవం. వీడి కుడిచెయ్యి చూడు, కొత్త గాయం. రాజన్న చేతిలో స్పానరుంది, తిరగబడి కొట్టాడు, తగిలింది. పోలీసు గస్తీ కారు గేట్లో ఉంది. పెద్ద టీం రెండింటికొస్తుంది. హంతకుణ్ణి చేతిలో పెడతానని చెప్పాను."

రెండింటికి. అంటే యాభై నిమిషాలు. చిన్నప్పకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు, హిందీలో 'పానీ' తప్ప ఇంకో మాట రాదు. ఒకసారి ఆ బండెక్కితే, ఒప్పుకున్న హంతకుడిగానే ఎక్కుతాడు. అటునుంచి ఇంటికి పెట్టెలోనే.

నర్సింగ్ కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "చిన్నప్పా, పన్నెండింటప్పుడు యాడున్నవ్?"

"ట్యాంకర్ కింద పండుకోనింటి అన్నా. నీడకి."

"ఎవలన్న చూసిన్రా?"

"ఎవురు చూస్తారన్నా? ఆ యండకి కుక్క గూడా తిరగదే. పైపు బిగిస్తాంటే చెయ్యి నలిగె. గుడ్డ కట్టుకోని పండుకుంటి. నేను యాడికీ పోలేదన్నా, నా బిడ్డమీద ఒట్టు."

చీపురుకర్ర మళ్ళీ దిగింది. "యమ్మా!" అన్న కేక గోడలకు తగిలి తిరిగొచ్చింది.

నర్సింగ్ లేచాడు. "సార్, నలభై నిమిషాలు కొట్టకుండ ఆగుండ్రి. వట్టి చేతులతోని వస్తే నేనే మీ బూట్లు తుడుస్త."

"పాలిష్ తెచ్చుకో," అన్నాడు చిరంజీవి.

* * *

పనిముట్ల కంటైనర్ యార్డు చివర ఉంది. ఎండాకాలంలో పది నుంచి మూడున్నర దాకా బయటి పని బందు. ఆ వేళకు క్యాంపు మొత్తం ఏసీల కింద శవాల్లా పడి ఉంటుంది. హత్య చేయాలంటే ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంతులూ పెట్టలేడు.

శవాన్ని అంబులెన్సు పన్నెండూ యాభై ఎనిమిదికే తీసుకెళ్ళింది. తలుపు దగ్గర కాపలా గయాజ్, నిజామాబాద్ కుర్రగార్డు. శవాన్ని మొదట చూసింది ఇతనే.

"అన్నా, లోపలికి పోవద్దన్నరు. తలుపుకాడికెల్లి చూస్కో, జల్ది."

"ముట్టను గయాజ్. కండ్లకు చేతుల్లేవు కద."

చూశాడు. నేలమీద రక్తం రొట్టెపిండిలా గట్టిపడి ఉంది. ఇనుప గోడకు తలెత్తున ఒక చిమ్ము, మోకాలెత్తున ఇంకోటి, నేలకు జానెడెత్తున మూడోది. అంటే నిలబడ్డ మనిషిని ఒకసారి, కూలిన మనిషిని ఒకసారి, పడున్న మనిషిని ఇంకోసారి. రెండడుగుల పరంజా గొట్టం మూల పడి ఉంది, దాని కొసకు వెంట్రుకలు. రాజన్న ఫోను మడమతో తొక్కినట్టు పచ్చడైపోయింది.

నర్సింగ్ కళ్ళు ఇంకో చోట ఆగాయి. గుమ్మానికి మూరెడు దూరంలో రాజన్న స్పానరుంది. రాజన్నలాంటి రిగ్గర్లు, క్రేన్లకు దూలాలు కట్టేవాళ్ళు, వాడేది. ఒక కొసన బోల్టు బిగించే నోరు, రెండో కొస బరిసెలా సూది. ఆ సూదికొస మీద రక్తం, రక్తంలో అతుక్కుని గోరంత నల్లతోలు ముక్క, తోలుకు బూడిదరంగు నూలుపోగు.

నల్లతోలు, లోపల నూలు. బూటు, మేజోడు.

"గయాజ్, చేతి మీద తోలుంటదా?"

"మనిషి తోలు ఉంటదన్నా."

"నల్లగ, మందంగ, లోపల మేజోడుతోని?"

గయాజ్ వంగి స్పానరు వైపు చూశాడు. "కాలు! కాలుల పొడిచిండు!"

"పడిపోయినోడు పైకి కొట్టలేక కిందికి పొడిచిండు. బూటుకు ఇనుప టోపీ ఉన్న ముందు వేళ్ళకాడ కాదు, దాని ఎన్క, తోలు మీద." ఫోను తీసి దూరం నుంచే నాలుగు ఫోటోలు కొట్టాడు.

అదే ఫోను మోగింది. ఇండియా నంబరు, రాజన్న ఇంటివాళ్ళదే అయ్యుంటుంది. పన్నెండూ యాభై నుంచి ఇది ఆరోసారి. అయిదుసార్లు ఎత్తే ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఎత్తాడు.

"నర్సింగా? నేను సాయవ్వను బిడ్డా. రాజన్న అవ్వను. ఆపతైతె నీకు చెయ్యమని నంబరిచ్చిండు."

"అవ్వా..." నర్సింగ్ రక్తం నుంచి మొహం తిప్పుకున్నాడు. "అవ్వా, రాజన్నకు కొంచెం..."

"నువ్వేం చెప్పకు బిడ్డా. నాకెర్కయింది. నా కొడుకు 'అవ్వా' అని ఒక్కపారే మొత్తుకున్నడు. రెండోపారి అనలే."

నర్సింగ్ కంటైనర్ నీడలోకి నడిచి ఫోను చెవికి నొక్కుకున్నాడు.

సాయవ్వకు చదువు రాదు. అందుకని రోజూ ఈ మధ్యాహ్నం బందులో రాజన్న వాట్సాప్‌లో బొటనవేలు నొక్కిపట్టి అవ్వకు మాటలు పంపేవాడు. వేలు నొక్కినంతసేపే అది వింటుంది, వదలగానే వెళ్ళిపోతుంది. ఇవాళ పన్నెండూ పదిహేడుకు నొక్కాడు. రిగ్గర్ బొటనవేలంటే మామూలు వేలా, ఇరవై టన్నుల దూలాన్ని తాడుతో ఆపే వేలు! నెత్తిన గొట్టం పడ్డా అది లేవలేదు. ముప్పై ఎనిమిదో సెకనుకు ప్రాణం పోయింది, వేలు లేచింది, మెసేజీ అవ్వకు చేరింది.

"దీన్ని నీకెట్ల పంపాల్నో నాకు రాదు. పక్కింటోళ్ళ ఫోన్ల నీతోని మాట్లాడుతున్న. నాది దీని ముంగట పెడ్త, ఇను."

విన్నాడు.

'అవ్వా, తిన్నవా? ఇయ్యాల ఆరు గంటలకు పక్కూరి శోభక్కను మనింటికి పిలువు. ఎందుకని అడుగకు, వీడియోల ఒకల్ని చూపిస్త, ఆమె సంబురంతోని...' అడుగులు. ఇనుప తలుపు కిర్రుమంది. 'ఏందిరా, నువ్వు గిట్ల...' పచ్చి కొబ్బరికాయ పగిలిన చప్పుడు. 'అవ్వా!' ఏదో కూలింది. పెనుగులాట. అప్పుడు ఇంకో గొంతు, చీరుకుపోయి, 'ఓలమ్మో! ఓలమ్మా!' ఆ తర్వాత దెబ్బ. మళ్ళీ దెబ్బ. తర్వాత ఎవరిదో రొప్పు. అంతే.

"యాభై సార్లు ఇన్న బిడ్డా," అంది సాయవ్వ. ఆ గొంతులో ఏడుపు లేదు, ఏడుపు కాలిపోయాక మిగిలిన బూడిద ఉంది. "నా కొడుకును కొట్టినోడు మన దిక్కోడు కాడు. మనోడైతె నొప్పికి అవ్వా అంటడు. నొప్పిల యాదికొచ్చే అవ్వను ఎవడు మారుస్తడు? వాడు వేరే తల్లి కొడుకు."

నర్సింగ్‌కు ఈ ముప్పై ఏళ్ళలో చదివిన ఏ డిటెక్టివ్ పుస్తకమూ ఇంత పాఠం చెప్పలేదు.

ఓలమ్మ. శ్రీకాకుళం అటువైపు మాట. ఈ క్యాంపులో ఆ జిల్లావాళ్ళు నలుగురే. నలుగురూ పొద్దున అయిదింటికి అల్ ఖోర్ సైటు బస్సెక్కారు, బస్సింకా తిరిగి రాలేదు. తానే తలకాయలు లెక్కపెట్టి పంపాడు.

"అవ్వా, శోభక్కకు ఎవల్ని చూపిస్తనన్నడు?"

"ఏమో బిడ్డా. ఆమె, నేను ఒక్క కార్ఖానల బీడీలు చేస్తం. ఆమె కొడుకు బొంబాయిల పెరిగిండు, మా రాజన్న వాన్ని ఎన్నడు చూడలే. వాడు మీ దుబాయ్ దిక్కే పోయి రెండు నెలలాయె. ఫోను లేదు, మతలబు లేదు. ఆమె ఒకటే ఏడుపు."

"వాని పేరేంది?"

"మారుతి."

* * *

ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి నర్సింగ్ మళ్ళీ ఆఫీసులో ఉన్నాడు. చిన్నప్ప తల వేలాడేసి ఉన్నాడు. చిరంజీవి టీ తాగుతున్నాడు. మారుతి గోడకు చేరబడి నిలబడ్డాడు, బరువంతా ఎడమకాలి మీద.

మధ్యాహ్నం బందులో బూట్లు వేసుకునేవాడు ఖతర్ మొత్తంలో ఉండడు. పదింటికి రూము గుమ్మం బయట విప్పితే, మళ్ళీ మూడింటికే. ఆ అయిదు గంటలు రాజుకైనా రబ్బరు చెప్పులే. చిన్నప్ప కాళ్ళకు చెప్పులు. గయాజ్‌కు చెప్పులు. చిరంజీవి కూడా టేబులు కింద చెప్పులు వదిలి వేళ్ళాడిస్తున్నాడు. మారుతి కాళ్ళకు మాత్రం బూట్లు, అవీ మడమల దాకా తాళ్ళు బిగించి, కుడిదాని మీద ముద్దగా నల్ల పాలిష్ పూసి.

"తెచ్చావా ఏవైనా?" అన్నాడు చిరంజీవి.

"ఒక కేక తెచ్చిన సార్."

"ఏంటీ?"

"రాజన్న సచ్చేటప్పుడు ఫోన్ల అవ్వతోని మాట్లాడుతుండు. అంత రికార్డయింది. దెబ్బ తిన్న హంతకుడు తన తల్లిని పిలిచిండు. చిన్నప్ప తల్లి యమ్మ. ఇప్పటిదాంక మీరే కొట్టి కొట్టి సాక్ష్యం చెప్పిచ్చిన్రు. ఆ కేకల యమ్మ లేదు."

చిరంజీవి టీ గ్లాసు మెల్లగా టేబులు మీద పెట్టాడు. "అమ్మ అంటే అమ్మేనయ్యా! యమ్మైతే ఏంటి, అవ్వైతే ఏంటి? కోర్టులో చెప్పు, నవ్వుతారు."

"మనకే కాదు సార్, దొరలకూ ఉంది. పోయినేడు సైటుల జాకీ జారి ముగ్గురు ఇంగ్లీషోళ్ళ వేళ్ళు ఒక్కపారే నలిగినయి. ముగ్గురూ మీటింగుల ఒక్కటే ఇంగ్లీషు మాట్లాడుతరు, టై కట్టుకోని. జాకీ పడంగనే లండన్ దొర 'మమ్' అన్నడు. న్యూకాసిల్ దొర 'మ్యామ్' అని మొత్తుకున్నడు. స్కాట్లాండాయన 'మా' అని గోడకు తల కొట్టుకున్నడు. కట్లు కట్టినంక గంటసేపు తన్నుకున్నరు, ఎవని తల్లి అసలు తల్లని! టై అందరికీ ఒక్కటే సార్. దెబ్బ తగిల్తె మాత్రం ఎవని ఊరు వానికి బయటపడ్తది."

చిన్నప్ప చీలిన పెదవితోనే నవ్వబోయి మూలిగాడు.

"మారుతీ," నర్సింగ్ అటు తిరిగాడు, "మీ అవ్వ పేరేందిరా?"

"శోభ, అన్నా."

"పాస్‌పోర్టుల ఉన్నదే. మంచిగ చెప్పినవ్. ఆమె ఏం పని చేస్తది?"

రెప్పపాటు ఆగాడు మారుతి. "యవుసం."

"బీడీలు చేస్తదిరా. కొడుక్కు తెల్వకపోతే ఎట్ల? సరే, ఆ కుడి బూటు విప్పు."

"ఎందుకన్నా?"

"పొద్దటిసంది తొడుక్కున్నవ్. కాలు ఉడికిపోతది."

మారుతి విప్పలేదు. కళ్ళు చిరంజీవి వైపు మళ్ళాయి. నర్సింగ్ ఇంక అడగలేదు. తొంభై కిలోల మనిషి గాల్లోకి లేచి, తన మడమను ఆ కుడి బూటు మీద, ఇనుప టోపీకి సరిగ్గా వెనక, దింపాడు.

"ఓలమ్మో! ఓలమ్మోలమ్మా! సచ్చిపోనాను బాబో!"

బూటు తాళ్ళ మధ్యనుంచి రక్తం, పాలిష్‌ను కడుగుతూ, నేలమీదికి దిగింది.

"అదిగో," అన్నాడు నర్సింగ్, "శోభక్క కొడుకు కాదు. ఏ తల్లి కొడుకువురా నువ్వు?"

వాడు కిందపడ్డట్టే పడి, విరిగిన చీపురుకర్ర అందుకుని నర్సింగ్ తొడలో దించాడు. అంగుళం దిగింది. నర్సింగ్ వాడి జుట్టు పట్టి టేబులు అంచుకు వేసి కొట్టాడు. పళ్ళు రెండు టీ గ్లాసులో పడ్డాయి. వాడు ఆ గ్లాసునే పగలగొట్టి మొహం మీదికొచ్చాడు. చెంప నుంచి దవడ దాకా నర్సింగ్ తోలు తెరుచుకుంది. కుర్చీకి కట్టేసిన చిన్నప్ప, కుర్చీతో సహా లేచి, పొట్టేలులా వాడి డొక్కలో తలతో పొడిచాడు. ముగ్గురూ ఒక్క కుప్పగా కూలారు. కుప్పలో పైన నర్సింగే ఉన్నాడు. వాడి మెడ ఆయన మోకాలి కింద ఉంది.

"పేరు!"

"అప్పలస్వామి... ఒగ్గీండి బాబూ, ఊపిరాడ్డం లేదు..."

"మా యాస ఎక్కడ నేర్సినవ్?"

"మీ దిక్కే పదేళ్ళు బోర్లేసినాను బాబూ."

"అసలు మారుతి యాడున్నడు?"

"నాకు తెల్దు! నా మీద దుబాయ్‌లో కేసుంది, నా పేరుమీద ఈ గల్ఫ్‌లో ఎక్కడా వీసా రాదు. ఆడి పాస్‌పోర్టు నాకిచ్చినారు, నా ఫోటో అంటించినారు. ఆ రాజన్న సాయంత్రం నన్ను ఆడి తల్లి ముందు కూకోపెడతానన్నాడు! ఆ తల్లి సూస్తే సెప్పేయదేటి, నా కొడుకు కాదని? నానేటి సేసేది?"

"పాస్‌పోర్టు ఎవలిచ్చిండ్రు?"

అప్పలస్వామి రక్తపు నోటితో తల తిప్పాడు. అతని చూపు నర్సింగ్ భుజం మీదుగా వెనక్కి పోయింది. "సెప్పండి బాబూ," అన్నాడు బతిమాలుతూ, "మీరే కదేటి నన్ను తెచ్చినారు."

తలుపు గడియ పడిన చప్పుడైంది. లోపలినుంచే.

చిరంజీవి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. గోడకు ఆనించి ఉన్న ఒక ఇనుప గొట్టాన్ని తీసి, తొందరేమీ లేనట్టు, నర్సింగ్ మెడ వెనక ఒక్కటిచ్చాడు. నర్సింగ్ కళ్ళకు గది బొంగరమైంది. తేరుకునేసరికి తాను కింద ఉన్నాడు, అప్పలస్వామి మోకాలు తన గొంతు మీద ఉంది. చేతులు ఉన్నాయి గానీ చెప్పినమాట వినడం లేదు.

"నువ్వు తెలివైనవాడివే నర్సింగూ, నోరే చెడ్డది." చిరంజీవి నర్సింగ్ ఫోను తీసి, అతని వేలితోనే తెరిచి, వెతికాడు. "స్పానరు ఫోటోలు... పోయాయి. స్పానరునూ తుడిచేయిస్తా. రికార్డింగేదీ?"

ఫోనును పైనుంచి కిందికి రెండుసార్లు గాలించాడు.

"లేదు. ఇందులో లేదు." చిరంజీవి మొహం మొదటిసారి వెలిగింది. "రాజన్న ఫోను పచ్చడైంది. అంటే లోకం మొత్తం మీద ఆ ముసలావిడ దగ్గరే ఉందన్నమాట. ఒక్కచోటే. రెండింటికి పోలీసులొస్తారు. చిన్నప్ప కట్లు తెంపుకుని నిన్ను పొడిచి చంపాడు, అడ్డమొచ్చిన మా మారుతికి దెబ్బలు తగిలాయి. బాగుందా?"

"సామీ, వద్దు సామీ..." అన్నాడు చిన్నప్ప నేలమీదనుంచి.

చిరంజీవి బీరువాలోంచి రాజన్న ఫైలు తీశాడు. వేలు కాగితం మీద జారుతూ వచ్చి ఒక గీత దగ్గర ఆగింది. తల్లి పేరు, ఊరు, ఇంటి నంబరు. తన ఫోన్లో మెట్‌పల్లిలోని తన మనిషికి కలిపి స్పీకర్లో పెట్టాడు, నర్సింగ్‌కు వినపడాలని.

"ఒరేయ్, మెట్‌పల్లిలోనే ఉన్నావా? పక్కూళ్ళో ఒక ముసలావిడ. సాయవ్వ. చేతిలో ఫోనుంటుంది, అది కావాలి."

"ఎంతసేపట్ల సార్?"

"పదిహేను నిమిషాల్లో."

"ఇయ్యకపోతే?"

చిరంజీవి నర్సింగ్ కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. "చేత్తో సహా తీసుకో."

గొంతు మీది మోకాలి కింద నర్సింగ్ ఒక్కసారిగా ఎగిరాడు, లేవలేకపోయాడు. స్పీకర్లో, సముద్రానికి అవతల, మోటారుసైకిలు స్టార్టయింది.